రొయ్యల మేతగా అమ్మిన మల్బరీ ఆకుపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

నమస్కారం. అక్వేరియం రొయ్యల మేతగా మీరు అమ్మే ఎండు మల్బరీ ఆకుల ప్యాకెట్ గత నెలలో తెప్పించుకున్నాను. ‘పూర్తిగా సహజం, రసాయనాలు లేవు’ అని దాని మీద ముద్రించి ఉంది. ఒక ఆకును మరిగే నీళ్లలో ముంచి, చల్లార్చి, రాత్రి తొట్టిలో వేశాను. తెల్లవారి లైటు వేసి చూస్తే ఎర్ర చెర్రీ రొయ్యలు ఆ ఆకు చుట్టూ వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి నలభైకి పైగా చనిపోయాయి. వాటిలో ఆరు పొట్ట కింద గుడ్లు మోస్తున్న తల్లులు. అదే తొట్టిలో గాజుకు నోరు అతికించుకుని పాచి గీకే ప్లెకో చేప మాత్రం నిక్షేపంగా ఉంది.

ఫోను చేస్తే మీ ప్రతినిధి లోపం నీళ్లలోనే ఉంటుందన్నారు. అనంతపురంలో మా బోరు నీళ్లు ఉప్పదేరినవే, కాదనను. కానీ రెండేళ్లుగా నా రొయ్యలు ఆ నీళ్లలోనే పెంకు విడుస్తూ, పిల్లలు పెడుతూ వచ్చాయి. పక్క తొట్టిలోనూ అవే నీళ్లు. అందులో మా వీధి బాదం చెట్టు నుంచి రాలిన ఎండుటాకు వేస్తాను. నీళ్లు పలుచని టీ రంగుకు తిరిగాయే తప్ప ఒక్క రొయ్య కూడా పోలేదు.

ఈ ఆకులు ఎందుకు వేస్తామో మీకు తెలియాలి. నానిన ఆకు మీద కొద్ది రోజుల్లో కంటికి ఆనీ ఆనని జిగురు పొర కడుతుంది. సూక్ష్మజీవులు, పాచి కలిసిన ఆ పొరే రొయ్యకు అసలు తిండి. ముందు కాళ్ల చివర ఉండే సన్నని కుంచెలతో దాన్ని ఊడ్చి నోట్లో పెట్టుకుంటుంది, రోజంతా అదే పని. అప్పుడే పుట్టిన రెండు మిల్లీమీటర్ల పిల్ల మేత వెతుక్కుంటూ దూరం పోలేదు. అది నిలబడిన ఆకే దాని కంచం. ఆ కంచానికే పురుగుమందు అంటి ఉంటే ఎక్కడికి పోతుంది?

మల్బరీ మా వైపు వాళ్లకు కొత్త పంట కాదు. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతు తోటకు మందు కొడితే, గడువు తీరేదాకా ఆ ఆకును పట్టుపురుగులకు వేయడు. పక్క పొలంలో కొట్టినా గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడు. పట్టుపురుగూ రొయ్యా కీళ్ల కాళ్ల జీవులే. పురుగుల నరాలను దెబ్బతీసే మందుల్లో కొన్ని, చేప తట్టుకునే మోతాదులోనే రొయ్యను చంపేస్తాయి. నా తొట్టిలో ప్లెకో బతికి రొయ్యలు పోవడం చూశాక, ఆకు మీద పురుగుమందు ఉందనే నమ్ముతున్నాను. మీ ప్యాకెట్ మీద ఏ తోట ఆకో, ఏ రోజు కోశారో లేదు. బ్యాచ్ నంబరు ఒక్కటే ఉంది.

ఆ బ్యాచ్ అమ్మకం వెంటనే ఆపండి. ఆకును ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఫలితం నాకు రాతపూర్వకంగా పంపండి. ప్యాకెట్ డబ్బులు, చనిపోయిన రొయ్యల ఖరీదు చెల్లించండి. ఇకపై ప్రతి ప్యాకెట్ మీద తోట ఉన్న ఊరు, కోత తేదీ ముద్రించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. మిగిలిన ఆకులు, బిల్లు, ఆ ఉదయం తీసిన ఫొటోలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
అనంతపురం