వీపు మీద 17 అని ఉన్న తమ్ముడికి, అతని జట్టుకు కృతజ్ఞతలు

వరద బురద తీయడానికి గుంటూరు నుంచి మొన్న ఆదివారం టెంపోలో విజయవాడలోని మా సింగ్‌నగర్ వీధికి వచ్చిన క్రికెట్ జట్టు వాళ్ళందరికీ నమస్కారాలు. ముఖ్యంగా చొక్కా వీపు మీద 17 అని ఉన్న తమ్ముడికి. మీ పేర్లు, మీరు పనిచేసే కోల్డ్ స్టోరేజీ పేరు ఎక్కడా రాయవద్దని మీ కెప్టెన్ నా చేత మాట తీసుకున్నాడు. యజమానికి తెలిస్తే మెచ్చుకుని మిగతా ఆదివారాలకు కూడా ఏదో ఒక పని పురమాయిస్తాడట. అందుకే అంకెలతోనే రాస్తున్నాను. రాత్రి పదకొండు దాటింది, చేతులకు బ్లీచింగ్ వాసన ఇంకా పోలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకుని చదవండి.

మా ఇంట్లోకి 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున నీళ్ళు వచ్చాయి. బుడమేరు గట్టు తెగిన సంగతి నీళ్ళు మంచం పట్టె దాటాక ఎవరో ఫోను చేసి చెబితే తెలిసింది. మైకు కట్టిన ఆటో ఒక్కటి కూడా మా వీధిలో తిరగలేదు. ఎక్కడో మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఆ వాగు 2005లోనూ ఇలాగే ముంచిందని మా అత్తయ్య ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. మా ఇల్లు మునిగిన మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. నది అంత నిండుగా ఉన్నప్పుడు బుడమేరు నీటిని మళ్ళించి కృష్ణలో కలిపే కాలువ మాత్రం ఏం చేస్తుంది? వెనక్కి తన్నింది. పై అంతస్తు పిన్నిగారి వరండాలో కూర్చుని మేము చూస్తూ ఉండిపోయాము.

నీళ్ళ కన్నా నీళ్ళు పోయాక మిగిలినదే ఎక్కువ ఏడిపించింది. గదుల్లో మోకాలి లోతు నల్లటి బురద. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. బియ్యం బస్తా వాసనకు లోపలికి అడుగు పెట్టలేకపోయాము. అగ్నిమాపక యంత్రం వచ్చింది కానీ పైపు మా సందు మొదటి దాకానే అందింది. పాపం, ఆ సిబ్బందిని అనడానికి లేదు, మా సందు అంత ఇరుకు. వచ్చి చూసిన ప్రతివాళ్ళూ "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అని వెళ్ళిపోయేవారు. నిజమే. కానీ అది పదోసారి విన్నప్పుడు ఆ పదివేలు ఇచ్చి పొమ్మందామా అనిపించింది.

అలాంటి సమయంలో మీ టెంపో వచ్చి ఆగింది. నీలం చొక్కాలు, వాటి మీద అంకెలు. మొదట ఎవరో ఫోటోల కోసం వచ్చారేమో అనుకున్నాను. పులిహోర పొట్లం ఒకటి ఐదుగురు పట్టుకుని ఇవ్వడం ఆ రోజుల్లో చాలా చూశాము, అదీ ఫ్లైఓవర్ దగ్గర, రోడ్డు మీద. లోపలి సందుల దాకా వచ్చేవాళ్ళు తక్కువ. మీరు దిగీ దిగగానే టెంపోలోంచి పారలు, తట్టలు, చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు తీశారు. వాటి కింద బ్యాట్లు, కిట్ సంచీ కూడా కనిపించాయి. మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు కాబట్టి ఆదివారం పొద్దున మీకు టెన్నిస్ బంతి మ్యాచ్ ఉంటుందట. ఆ వారం మైదానం చిత్తడిగా ఉందని మ్యాచ్ మానుకుని, ఉన్నవాళ్ళు ఉన్నట్టే బండెక్కారట. ఏటా ఎండాకాలంలో చలివేంద్రం పెట్టేది కూడా ఈ జట్టేనని మీలో పెద్దాయన, కాటా దగ్గర పనిచేసే ఆయన, చెప్పారు.

మీలో సగం మంది హమాలీలు. ఈ నెలల్లో యార్డులో అమ్ముడయ్యేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకే కనుక వారమంతా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించడం, ఎక్కించడం. ఒక్కో టిక్కీ నలభై కిలోలకు పైనే. దొరికిన సెలవు రోజున మా ఇంటి బురద మోశారు. సందు పొడవునా వరుసగా నిలబడి తట్టను ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తుంటే, ఎవరు జార్చినా మిగతావాళ్ళంతా "క్యాచ్ వదిలేశాడు" అని అరవడం. ఆ వీధిలో నవ్వులు విని ఎన్నాళ్ళయిందో. మా ఫ్రిజ్‌ను ఒక్కడే వీపున వేసుకుని బయట పెట్టిన 4వ నంబరు తమ్ముడూ, అంత బరువు మోసి కూడా "ఇది తేలికేనండి" అన్నావు చూడు, మా అత్తయ్య ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటోంది.

ఇక 17.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. శ్రావణ మాసం పని అప్పుడే ముగుస్తోంది, దసరా గుడ్డలు రావడం మొదలయ్యాయి. ఈసారి అక్టోబరు 3న శరన్నవరాత్రులు మొదలవుతాయి కాబట్టి మా దుర్గమ్మ కొండ కింద ఊళ్ళో దర్జీలకు ఇదే అసలు పంట. వీధిలోని ఆడవాళ్ళు ఇచ్చిన గుడ్డలన్నీ, ఒక్కోదాన్ని దాని ఆది జాకెట్టుతో కలిపి మూట కట్టి, పేరు రాసిన చీటీ పెట్టి, బీరువా అడుగున ఉంచాను. ఆ బీరువా నీళ్ళలో నానింది. చీటీల మీద సిరా పోయింది. అంతకు ముందు సాయానికి వచ్చిన కుర్రాళ్ళు ఆ మూటలను బురద ముద్దలనుకుని బయట చెత్తకుప్ప మీద పడేశారు. నేను కూడా వద్దనలేదు. అప్పటికి దేన్నీ వద్దనే ఓపిక లేదు.

17వ నంబరు తమ్ముడు ఆ కుప్ప దగ్గర పార ఆపి, ఒక మూట విప్పి చూసి, లోపలికి వచ్చి అడిగాడు: "అక్కా, ఇవి వేరేవాళ్ళవా?" అవునన్నాను. "అయితే ముందు ఇవి చూద్దాం. మీ దగ్గర నమ్మి పెట్టినవి కదా."

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. నీళ్ళు వచ్చిన రాత్రి ఏడవలేదు, ఫ్రిజ్ చూసి ఏడవలేదు, పిల్లల పుస్తకాలు ముద్దయిపోతే ఏడవలేదు. ఆ ఒక్క మాటకు గుమ్మంలోనే కూలబడ్డాను. అతను ఓదార్చడానికి ఏమీ అనలేదు, బకెట్టు కోసం వెళ్ళాడు.

మిగతా జట్టు బురద తోడుతుంటే ఇతను మధ్యాహ్నం దాకా కుళాయి దగ్గరే కూర్చున్నాడు. ఒక్కో మూట విప్పడం, మామూలు నీళ్ళలో జాడించడం, తరువాత డెట్టాల్ నీళ్ళు. గుడ్డ, దాని ఆది జాకెట్టు విడిపోకుండా ఒకేచోట ఆరేయడం. "ఇది ఎవరిది అక్కా?" అని అడిగేవాడు. నేను ఆది జాకెట్టు మెడ చూసి, చేతి పొడవు చూసి పేరు చెప్పేదాన్ని. క్రికెట్ కిట్‌లో వేళ్ళకు చుట్టుకునే తెల్ల టేపు చింపి, దాని మీద బాల్‌పెన్నుతో ఆ పేరు రాసి అంటించేవాడు. కోల్డ్ స్టోరేజీలో అతని ఉద్యోగమే అదట, ఏ రైతు టిక్కీలు ఏ గదిలో ఏ వరుసలో ఉన్నాయో రాసుకోవడం. "ఒకరి సరుకు ఇంకొకరిదాంట్లో కలిస్తే మా దగ్గర పెద్ద గొడవ అక్కా" అన్నాడు. భోజనానికి పిలిచినా రాలేదు, తడిసిన చేత్తోనే అరటిపండు తిన్నాడు. జట్టువాళ్ళు "వీడు మ్యాచ్‌లో కూడా ఇంతే, ఒక్క చోట నిలబడితే కదలడు" అని ఏడిపిస్తే ఊరికే నవ్వాడు.

ఇంతా చేసి వెళ్ళేటప్పుడు నన్ను ఒకటే అడిగాడు, కొన్ని గుడ్డలకు రంగు దిగి పక్కదానికి అంటుకుంది, దానికి ఏమైనా అంటారా అని. ఎవరు అంటారు నాయనా.

సాయంత్రం నాలుగింటికి పని ముగిశాక వెళ్ళిపోతారనుకున్నాము. మా వీధి పిల్లలు కిట్ సంచీ చుట్టూ మూగడం చూసి మీ కెప్టెన్ వాళ్ళను రెండు జట్లుగా విడదీశాడు. కడిగిన సందులో, విరిగిన కుర్చీ వికెట్లుగా, చీకటి పడేవరకు ఆట. మా చిన్నవాడు నీళ్ళొచ్చినప్పటి నుంచి నన్ను వదిలి రెండడుగులు వేయలేదు. ఆ రోజు అన్నానికి కూడా రాలేదు. మీ 9వ నంబరు, ఆ పొడవాటి బౌలరు, మావాడికి ఎంత మెల్లగా బంతి వేశాడో, మావాడు ఎంత గట్టిగా తనది సిక్సరేనని వాదించాడో!

కోపం కూడా రాస్తాను, లేకపోతే నిద్ర పట్టదు. మునిగిన ఇళ్ళలో కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 అని ప్రకటించారు. జాబితా అతికించారు. అందులో మా పేరు లేదు. ఇంటి యజమాని హైదరాబాదులో ఉంటారు, కరెంటు బిల్లు ఆయన పేరు మీద ఉంది, మా ఆధార్ మా వారి సొంతూరిది. వివరాలు రాసుకోవడానికి వచ్చినాయన "ఇక్కడ మీరే ఉంటున్నారని ఏమిటి ఆధారం" అని అడిగాడు. గోడ మీద నీటి గీత కింద నా బీరువా, నా మిషన్, నా పిల్లల బడి సంచులు ఉన్నాయి, ఇంకేం ఆధారం కావాలి? కుట్టు మిషన్‌కు ఆ ఫారంలో గడే లేదన్నాడు. మళ్ళీ అర్జీ ఇచ్చాము, చూద్దాం. చిరిగిన టేపు ముక్కలతో ఎవరి గుడ్డ ఎవరిదో ఒక పూటలో తేల్చిన మనిషిని చూసిన తరువాత, అద్దెకున్నవాళ్ళ పేర్లు రాయడం అంత కష్టమంటే నమ్మబుద్ధి కావడం లేదు.

మా వారు మిషన్ తల విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, నూనె వేసి నడిపించారు. మా తమ్ముడు బియ్యం తెచ్చాడు. అత్తయ్య పిల్లలను చూసుకుంది. వాళ్ళకు ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, అసలు వాళ్ళను మర్చిపోతున్నాను. వరండా ఇచ్చిన పై అంతస్తు పిన్నిగారు, ఆవిడ గ్యాసు బండ మా కోసమే అయిపోయింది. పడవలో పాలు తెచ్చి డబ్బులు తీసుకోని అబ్బాయి. వైద్య శిబిరంలో అత్తయ్య కాలి పుండుకు కట్టు కట్టి, మరునాడు గుర్తుపెట్టుకుని పిలిచిన నర్సమ్మ. ఎదురింటి డిగ్రీ పిల్ల, ఫోను ఛార్జింగు ఇచ్చింది. మీ టెంపో డ్రైవరు కూడా, ఆయనకు చొక్కా మీద అంకె లేదు కాబట్టి ఎవరూ ఫోటోలో నిలబెట్టలేదు, కానీ బురద తట్టలు ఆయనే ఎక్కువ మోశారు. ఇంకా ఎవరైనా ఉంటే క్షమించండి, రేపు కింద రాస్తాను.

నా దగ్గర గుడ్డలు ఇచ్చినవాళ్ళకు ఒక మాట. అన్నీ ఆరాయి, అన్నిటికీ పేర్లున్నాయి, బుధవారం నుంచి కుట్టడం మొదలుపెడతాను. రంగు అంటుకున్నవాటికి కూలి తీసుకోను. ఆకుపచ్చ అంచు ఉన్న పసుపు పట్టు గుడ్డ ఒక్కటి, ఆది జాకెట్టు లేకుండా మిగిలింది. టేపు మీద 17వ నంబరు ప్రశ్న గుర్తు పెట్టి వెళ్ళాడు. ఎవరిదో వచ్చి చెప్పండి.