బాపు చివరి దినాలలో వాక్యంతో మాకు తోడుగా నిలిచిన వారికి కృతజ్ఞతలు

క్యాన్సర్‌తో మంచం పట్టిన మా బాపు హనుమకొండలోని మా ఇంట్లోనే ప్రభువునందు నిద్రించారు. భూస్థాపనకు, ఆదరణ కూడికకు వచ్చిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పుకోలేకపోయాము కనుక, కుటుంబమంతటి పక్షాన ఈ మాటలు రాస్తున్నాను.

ముందుగా మా పాస్టర్‌గారికి వందనాలు. ఇక నయం కాదని డాక్టర్లు తేల్చిన తరువాత ఆ సంగతి బాపుకు చెప్పాలా వద్దా అని మేము తర్జనభర్జన పడుతుండగా, బాపే ఆయనను సూటిగా అడిగారు. ఆయన మాట దాటవేయలేదు. బైబిలులో యెషయా గ్రంథం 38వ అధ్యాయం తెరిచి, మరణకరమైన రోగంతో ఉన్న హిజ్కియా రాజుకు “నీ యిల్లు చక్కబెట్టుకొనుము” అని దేవుని నుండి వచ్చిన వర్తమానాన్ని, ఆ రాజు గోడతట్టు ముఖం తిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించిన వైనాన్ని చదివి వినిపించారు. ఆ ప్రార్థన విని దేవుడు హిజ్కియా ఆయుష్షుకు కలిపిన 15 సంవత్సరాల కోసమే ఈ అధ్యాయాన్ని చదివేవారు చాలామంది ఉన్నారు, స్వస్థత కోరి ప్రార్థించడాన్ని నేను కాదనను. కానీ బాపు పట్టుకున్నది ఆ మొదటి మాటనే. మరునాడే ఇనుప సందుగలోంచి పట్టాదారు పాసుపుస్తకం తీయించి, ఇవ్వవలసిన బాకీలన్నీ నా చేత నోటుబుక్కులో రాయించి, ఒక్కొక్క పేరు మీద వేలు ఆనించి సరిచూసుకున్నారు. పొలం గెట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటలు లేని మా చిన్నాయనను ఊరి నుండి పిలిపించి, “గెట్టు నువ్వెక్కడ అంటే అక్కడనే, తమ్మీ” అన్నారు. సిలువ మీద నుండి యేసు తన తల్లిని ప్రియశిష్యునికి అప్పగించిన భాగాన్ని యోహాను సువార్తలో చదివించుకొని, అమ్మను అక్కా నేనూ ఎలా చూసుకోవాలో చెప్పారు.

అయినా రాత్రుళ్లు భయం వేసేది. విశ్వాసికి భయమేమిటని పరామర్శకు వచ్చిన వారిలో కొందరు అన్నప్పుడు బాపు మరింత ముడుచుకుపోయేవారు. స్త్రీల సమాజపు పెద్దమ్మగారు మాత్రం మంచం పక్కన కూర్చొని, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే “మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది” అని శిష్యులతో చెప్పుకొని, తనతోకూడ మెలకువగా ఉండమని వారిని అడిగిన సంగతిని నెమ్మదిగా చదివారు. భయపడినందుకు దేవుడు తనను తోసివేయడని బాపుకు ఆ పూట నమ్మకం కలిగింది. ఆ మాట విన్న మా సంఘ యవ్వనస్థులు వంతులు వేసుకొని రాత్రుళ్లు ఆయనతో మేల్కొని ఉన్నారు. ఆ బిడ్డల మేలు మేము మరువలేము.

మా పెద్దలు దోర్నకల్ ప్రాంతం వారు. 1912లో ఆ ప్రాంతానికి బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్యగారి కాలంలో బాప్తిస్మం తీసుకున్న మా ముత్తాతకు అక్షరం రాకపోయినా కీర్తనలు నోటికి వచ్చేవట. ఆ అలవాటు బాపు వరకు వచ్చింది కాబట్టే, చూపు మందగించిన తరువాత కూడా 31వ కీర్తనలోని “నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను” అన్న మాటను ఆయన ప్రతి రాత్రి తనంతట తానే చెప్పుకోగలిగారు. లూకా సువార్త ప్రకారం యేసు ప్రాణం విడిచేటప్పుడు పలికింది కూడా ఆ కీర్తన మాటనే కాబట్టి, ప్రభువు నడిచిన దారిలోనే తానూ వెళుతున్నానని బాపు అనేవారు.

ఇంటికి వచ్చి నొప్పి మందులు వేళకు ఇవ్వడం నేర్పిన నర్సమ్మకు మేము ఎంతో రుణపడి ఉన్నాము. నొప్పి అదుపులో లేని రోజున ఏ వాక్యమూ చెవికెక్కదని కళ్లారా చూశాము. వేరే మతస్థులైనా, వంట చేసుకునే ఓపిక మాకు లేని రోజుల్లో గంజి, జొన్నరొట్టెలు పంపిన ఇరుగుపొరుగు వారికి, బాపు చేయి పట్టుకొని చివరి వరకు కూర్చున్న చిన్నాయనకు మా హృదయపూర్వక కృతజ్ఞతలు.

సంఘం నుండి తెచ్చుకున్న చక్రాల కుర్చీని, ఆసుపత్రి మంచాన్ని శుభ్రం చేయించి పాస్టర్‌గారికి అప్పగించాము. అవసరమైన కుటుంబం ఏదైనా సరే ఆయనను అడిగి తీసుకోవచ్చు.