పెద్ద కాంట్రాక్టు వదులుకున్నాం, కారణం ఇదీ

ఎప్పటినుంచో మా దగ్గరే బొమ్మలు వేయించుకుంటున్న అందరికీ,

వచ్చే నెల నుంచి మా స్టూడియో చిన్న చోటికి మారుతోంది. ఆఫీసు గోడల మీద పెద్ద బొమ్మల పని ప్రస్తుతానికి ఆపేస్తున్నాం. "మూసేస్తున్నారట కదా" అని అప్పుడే కొందరు ఫోన్లు కూడా చేశారు. మూసెయ్యడం లేదు. ఏం జరిగిందో ఎవరి నోటో వినేకంటే నేనే చెప్పడం నయం.

మా రాబడిలో సగానికి పైగా ఒకే కంపెనీ నుంచి వచ్చేది. భవనాల లోపలి అలంకరణ పనులు వాళ్ళు తీసుకుని, గోడ బొమ్మల వరకు మాకు అప్పజెప్పేవాళ్ళు. ఈసారి ఒప్పందం రాసుకునేటప్పుడు కొత్త షరతు పెట్టారు. ప్రతి గోడకీ బాధ్యత వహించే ఆర్టిస్టు ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ సర్టిఫికెట్ నకలు జతచెయ్యాలట. మా దగ్గర డిగ్రీ ఉన్నవాళ్ళూ ఉన్నారు, కానీ గోడ పనంతా నడిపించే పెద్దాయనకి లేదు. నాకూ లేదు. ఇన్నేళ్ళు మా పనికి ఒక్క వంక పెట్టనివాళ్ళకి ఉన్నట్టుండి మా చదువులు గుర్తొచ్చాయి.

దారి కూడా వాళ్ళే చెప్పారు. డిగ్రీ ఉన్న ఒకాయన్ని వాళ్ళే చూసిపెడతారు. కాగితాల మీదా, గోడ మూలనా ఆయన పేరు ఉంటుంది. బొమ్మ మాత్రం మావాళ్ళు వెయ్యాలి. "ఇందులో ఏముంది మేడమ్, అందరూ చేసేదే" అన్నారు.

వినగానే కాదన్నానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ అలా జరగలేదు. చాలా రోజులు నాన్చాను. అద్దె, జీతాలు, రంగుల బాకీలు లెక్క వేసుకున్న ప్రతిసారీ సరే అనడమే తెలివైన పనిగా తేలింది. చివరికి పెద్దాయన్నే అడిగాను. "సంతకం సంగతి వదిలెయ్యండమ్మా, నెలాఖరుకి జీతం పడితే చాలు" అన్నారు. ఆ మాటతో నాకు భారం దిగిపోవాలి. ఇంకా పెరిగింది.

ఆయన హోర్డింగులు చేత్తో వేసే రోజుల్లో పని నేర్చుకున్న మనిషి. ప్రింటింగు మిషన్లు వచ్చి ఆ బతుకుతెరువు పోయాక, పని కోసం ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న "ఏం చదివారు?" అనేనట. మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక గోడ చూపించి, దీని మీద ఏం వేస్తారని అడిగాను. బొమ్మ మాటే ఎత్తలేదు. చెయ్యి తిప్పి గోడకి ఆనించి చూశారు. ప్లాస్టిక్ షీటు ముక్క ఒకటి నాలుగు అంచులా టేపుతో అంటించి, రేపొస్తానని వెళ్ళిపోయారు. మర్నాడు చూస్తే షీటు లోపలివైపు నీటి చుక్కలు. కొత్తగా సిమెంటు పూసిన గోడ ఆరడానికి మామూలుగా 28 రోజులైనా ఆగాలి. చెమ్మ ఉండగానే రంగేస్తే లోపలి లవణాలు తెల్లగా పైకి వచ్చి, రంగు పొక్కులు లేచిపోతుంది. మీలో కొందరి ఇళ్ళలో మేం షీటు అంటించి వెళ్ళిపోతే, పని ఎగ్గొడుతున్నారని విసుక్కున్నారు కూడా. ఆ పద్ధతి ఆయన దగ్గర నేర్చుకున్నదే.

డిగ్రీ లేని ఆర్టిస్టుకి రేపు ఇంకోచోట పని కావాలంటే చూపించుకోడానికి ఉన్నది ఇదివరకు వేసిన బొమ్మలే. వాటి కింద ఇంకొకరి పేరుంటే, అవి ఈయన వేశారంటే ఎవరు నమ్ముతారు? జీతమిచ్చి నేను చేయించుకుంటున్నది ఈ గోడ పని. ఆయనకి రేపు దొరకాల్సిన పనిని కూడా అమ్మేసే హక్కు నాకెక్కడిది? దేశాల మధ్య కుదిరిన బెర్న్ కాపీరైటు ఒప్పందంలో 1928లో చేర్చిన నిబంధన ఒకటుంది. బొమ్మ మీద ఆర్థిక హక్కులన్నీ ఇచ్చేసినా, అది తనదని చెప్పుకునే హక్కు వేసినవాళ్ళకే ఉంటుంది. ఆ సంగతి కంపెనీ వాళ్ళకి చెప్పాను. "అవన్నీ కాగితాల మీద మాటలు మేడమ్" అన్నారు. డిగ్రీ కాగితం లేనిదే పని ఇవ్వమన్నవాళ్ళ నోట ఈ మాట! ఆ రోజే కాదని రాసి పంపేశాను.

చదువుకున్న ఆర్టిస్టులంటే నాకు కోపమనుకోకండి. మా పోర్ట్రెయిట్లలో మెడ, చేతులు అంత కుదురుగా వస్తున్నాయంటే కాలేజీలో అనాటమీ పద్ధతిగా నేర్చుకొచ్చిన అమ్మాయి చలవే. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకైనా డిగ్రీ కావాల్సిందే. గోడ మీద బొమ్మకి ఎందుకన్నదే నా గొడవ. నన్ను ఊరడించడానికి కొందరు డచ్చి చిత్రకారుడు వాన్ గో పేరెత్తుతున్నారు. ఆయన 1886లో ఆంట్వెర్ప్ అకాడమీలో చేరి కొద్ది వారాలకే బయటపడ్డ మాట నిజమే గానీ, తమ్ముడు డబ్బు పంపకపోతే ఆయనకి పూట గడిచేది కాదు. పని వెతుక్కునేవాళ్ళకి అదేం ధైర్యం? అంతకంటే బాపు గారు చదివింది లా అని చెప్పండి, వింటాను.

"మావాడు బాగా వేస్తాడు, డిగ్రీ లేదు, తీసుకుంటారా?" అని అడిగేవాళ్ళకి: తీసుకుంటాం, కాస్త కుదురుకోనివ్వండి. వచ్చేటప్పుడు వేసినవన్నీ మోసుకురావద్దు. పది, పదిహేను చాలు, అన్నీ ఒకే రకం పనికి సంబంధించినవి. పిల్లల పుస్తకాలకి వెయ్యాలనుంటే, ఒకే పాత్ర నాలుగు పేజీల్లో నాలుగు రకాలుగా నిలబడినా ఇట్టే గుర్తుపట్టేలా ఉండాలి. తారల ఫొటోలు చూసి దింపిన ముఖాలు వద్దు, చూసీ చూసీ విసుగొచ్చింది. చిత్తు స్కెచ్‌లు మాత్రం తప్పకుండా తెండి, నేను ముందు చూసేది వాటినే. పరీక్షకి వేయించిన బొమ్మకి కూడా డబ్బిస్తాం.

ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లు ఏవీ ఆగవు. పోర్ట్రెయిట్లు, ముఖచిత్రాలు, ఇళ్ళలో చిన్న గోడలు ఎప్పటిలాగే, ధరలూ అవే. ఇకమీదట సగం అడ్వాన్సు ముందే తీసుకుంటాం. స్కెచ్ ఖాయమయ్యాక రెండుసార్లకి మించి మార్పులంటే విడిగా లెక్క. ఇన్నాళ్ళూ ఆ కంపెనీ డబ్బు అండగా ఉండబట్టి చూసీ చూడనట్టు పోయేవాళ్ళం, ఇప్పుడా వెసులుబాటు లేదు. కొత్త చోటు ఇరుకు, ఫోన్ చేసి రండి.

ఇంకొక్క మాట. గోడ మీద సంతకం వద్దని కొందరు అడిగేవాళ్ళు, ఇల్లు మీది కదా అని ఒప్పుకునేవాళ్ళం. ఇకనుంచి ఏ మూలనో చిన్నగా అయినా వేసినవాళ్ళ పేరు పెడతాం. అది కుదరదనుకుంటే అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పెయ్యండి.