శనివారం నీ సెట్ గురించి

ఒరేయ్ మురళీ,

శనివారం డాన్సులో డీజేగా పాటలు వేసే పని, స్వింగ్‌కి గంటన్నర, ఆ తరవాత బ్లూస్‌కి గంట, రెండూ నీ చేతికే అప్పగించారని చదివి చాలా సంతోషించాను. పాటల్ని ఒకదాంట్లోకి ఒకటి కలపడం నేర్చుకోవాలా అని నువ్వు మొదట అడిగినదానికి జవాబు చాలా చిన్నది: రెండు పాటల్ని బీట్ కలిపి అతికించడం నువ్వు నేర్చుకోనక్కర్లేదు. లిండీ హాప్ (స్వింగ్ సంగీతానికి చేసే జంట నాట్యం) వాళ్ళకైనా బ్లూస్ వాళ్ళకైనా పాట మొదటినుంచి చివరిదాకా పూర్తిగా మోగాలి. జంట ఒక పాటకి కలుస్తుంది, అది అయిపోయాక థాంక్స్ చెప్పుకుని విడిపోతుంది, ఇంకొకర్ని పిలుచుకుంటుంది. అందుకు రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం కావాలి. బీట్ కలిపేస్తే ఎప్పుడు ఆగాలో ఎవరికీ తెలీదు. నీ అసలు పనల్లా ఈ పాట అయ్యేలోపు ఫ్లోర్‌ని చూసి తరవాతి పాట ఎంచుకోవడం. మిగతా ఏర్పాట్లన్నీ నీ కళ్ళు తెర మీద కాకుండా మనుషుల మీద ఉండటానికే.

ముందు వైర్ల సంగతి చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్లో ఎడమ, కుడి అని రెండు సిగ్నల్స్ ఉంటాయి. దానికో అడాప్టర్ తగిలించి మిక్సర్లో ఒకే ఒక్క బాలన్స్‌డ్ ఇన్‌పుట్‌కి పెట్టావనుకో, ఆ ఇన్‌పుట్ ఒక సిగ్నల్లోంచి రెండోదాన్ని తీసేస్తుంది. మామూలు స్టీరియో పాటైతే గాయని గొంతు మాయమై వెనక వాయిద్యాలు మాత్రం వినిపిస్తాయి. మన పాటల్లో ఎక్కువ 1930లవి, అవి మోనో. రెండు వైపులా ఒకటే శబ్దం కాబట్టి తీసేస్తే దాదాపు ఏమీ మిగలదు. స్పీకర్లు పాడయ్యాయని అందరూ కంగారుపడతారు గానీ తప్పు కేబుల్‌ది. ఒక చివర చిన్న స్టీరియో ప్లగ్గు, రెండో చివర రెండు మోనో ప్లగ్గులు ఉన్న కేబుల్ తీసుకెళ్ళు. రెండు చానళ్ళలో పెట్టి, రెండిటి పాన్ గుండీలూ (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపేవి) మధ్యకి తిప్పు.

పాన్ మధ్యకి ఎందుకంటే, 1950ల చివర్లో, 60ల్లో వచ్చిన తొలి స్టీరియో జాజ్ రికార్డింగుల్లో చాలావాటికి డ్రమ్స్ అంతా ఒక వైపు, పియానో అంతా ఇంకో వైపు ఉంటాయి. హెడ్‌ఫోన్లలో బాగుంటుంది. హాల్లో మాత్రం ఎడమ స్పీకర్ దగ్గర నాట్యం చేసేవాళ్ళకి తాళమే అందదు. మోనోగా కలిపేస్తే ఎక్కడ నిలబడ్డా పూర్తి బాండ్ వినిపిస్తుంది.

చార్జర్ పెట్టగానే గుయ్‌మని శబ్దం వస్తే ఒక్క క్షణం చార్జర్ పీకి చూడు. ఆగిపోయిందంటే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే రొద. లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే పోతుంది. నోటిఫికేషన్లు, స్క్రీన్ నిద్ర, వైఫై మూడూ ఆపెయ్. పాటలన్నీ డిస్క్ మీదే ఉండాలి, నెట్‌ని నమ్ముకోకు. అవే పాటలు ఫోన్లో కూడా పెట్టుకో. తరవాతి పాటని హెడ్‌ఫోన్లలో ముందుగా వినడానికి రెండు స్టీరియో అవుట్‌పుట్లున్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనుక్కో. మిక్స్ (Mixxx) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్లో హాలుకి ఒక అవుట్‌పుట్, హెడ్‌ఫోన్స్‌కి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

ఇక బీపీఎం, అంటే నిమిషానికి పడే బీట్ల సంఖ్య. సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకెని నమ్మకు. పాత స్వింగ్‌కి అది తరచూ సగమో రెట్టింపో చూపిస్తుంది. ఒక్కో బీట్‌లో మూడు మూడు దెబ్బలు పడే నెమ్మది బ్లూస్‌కైతే ఇంకా తలకిందులవుతుంది, 60 పాటని 90 అనో 180 అనో అంటుంది. 15 సెకన్లు కాలితో కొట్టి లెక్కపెట్టు, నాలుగుతో హెచ్చవెయ్యి: 40 దెబ్బలైతే 160. ఆ రోజుల్లో వేగం తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ ట్రాక్ లేదు, బాండ్ ఊపులో కొంచెం వేగం పెరుగుతుంది, అందుకని ఐదుకి సవరించి రాసుకుంటే చాలు. రికార్డు చేసిన సంవత్సరం కూడా నువ్వే రాసుకో, ఫైల్లో ఉండేది తరచూ సీడీ వచ్చిన సంవత్సరం. జాజ్ బాండ్ నాయకుడు కౌంట్ బేసీ ‘వన్ ఓ క్లాక్ జంప్’ని 1937లో మొదటిసారి రికార్డు చేశాడు, తరవాత ఎన్నోసార్లు చేశాడు. పేరు ఒకటే, ఫ్లోర్ మీద పని చేసే తీరు వేరు.

వేగం గురించి ఒక లెక్క చెప్తాను, అది బుర్రలో ఉంటే చాలా తప్పులు తప్పుతాయి. లిండీలో మూలమైన అడుగుల వరస స్వింగవుట్, అది ఎనిమిది బీట్లు. 140లో అది దాదాపు మూడున్నర సెకన్లు పడుతుంది, 200లో 2.4 సెకన్లే. మూడు నిమిషాల పాట 200లో వేశావంటే 75 స్వింగవుట్లకి సరిపడా బీట్లు వాళ్ళ కాళ్ళ మీద పెట్టావన్నమాట. అలాంటివి రెండు వరసగా వేస్తే సగం ఫ్లోర్ కుర్చీల్లో ఉంటుంది. 130తో మొదలుపెట్టి 145, 160, 185 దాకా తీసుకెళ్ళి, మళ్ళీ 150, 135కి దింపు. 210 దాటినవి బాల్బోవా (దగ్గరగా పట్టుకుని చేసే ఇంకో స్వింగ్ నాట్యం) వాళ్ళకి ప్రాణం. వాళ్ళు ఉన్నారని కళ్ళతో చూశాక ఒకటి వెయ్, వెంటనే 140లో అందరికీ తెలిసినది ఇవ్వు. వేగమూ ఊపూ ఒకటి కాదని మర్చిపోకు. 135లో ఇత్తడి వాయిద్యాలు విరగదీసే పాట ఉంటుంది, 190లో మెత్తగా నడిచే చిన్న కాంబో, అంటే కొద్దిమంది బాండ్, ఉంటుంది. రెండిటికీ వేరువేరుగా మార్కులు వేసుకో.

ఏ పాట డాన్సుకి పనికొస్తుందో తేల్చడానికి దాన్ని బాగా తగ్గించి విను. అంత తగ్గించినా బాస్ నడక, హై-హాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) చప్పుడు నీ కాలిని కదిలిస్తుంటే తీసుకో. బేసీ దగ్గర ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్, వాల్టర్ పేజ్ బాస్, జో జోన్స్ డ్రమ్స్ ఎందుకంత గొప్పవో అప్పుడు నీకే తెలుస్తుంది. సోలోలు ఎంత బాగున్నా ఈ పునాది లేకపోతే జనం ఊరికే నిలబడి వింటారు. తాళం లేకుండా సాగదీసి మొదలయ్యే పాటలుంటాయి, వాటిని తాళం అందుకున్న చోటునుంచి వెయ్. లేకపోతే జంటలు చేతులు పట్టుకుని ఎదురుచూస్తుంటాయి. లైవ్ రికార్డింగు చివర చప్పట్లు మొదలవగానే ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) దింపెయ్. నిడివి మూడు నిమిషాలు హాయి, నాలుగుంటే పరవాలేదు. పాత 78 ఆర్‌పీఎం రికార్డు పది అంగుళాల మీద పట్టేదే సుమారు మూడు నిమిషాలు, కాబట్టి ఆ కాలపు పాటలతో ఈ బెంగ లేదు. గంటకి 18 పాటలు లెక్క వేసుకో, పెట్టెలో మాత్రం అరవై ఉండాలి.

పాత, కొత్త రికార్డింగుల మధ్య శబ్దం తేడా చాలా ఉంటుంది. పాటల శబ్దాన్ని ఒక స్థాయికి తెచ్చే రీప్లేగెయిన్ ఆన్ చేసుకో, మిగిలింది చెవితో సర్దు. బాస్ వినపడటం లేదని అడుగునంతా పెంచకు. పాత రికార్డుల్లో 60 హెర్ట్జ్ కింద ఉండేది గరగరే, దాన్ని కోసెయ్. 120 చుట్టూ కొంచెం పెంచు. ట్రంపెట్లు చెవిలో గుచ్చుకుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గించు. సెట్ మధ్యలో ఓసారి హాలు అవతలి మూలకి వెళ్ళి విను. జనం నిండాక శబ్దం మారిపోతుంది.

నిర్వాహకుల్ని ముందే అడగాల్సినవి రెండు: షిమ్ షామ్ (అందరూ కలిసి ఒకే అడుగులు వేసే నాట్యం) ఉందా, ఎవరిదైనా పుట్టినరోజు జామ్ (ఆ మనిషితో అందరూ వంతులవారీగా నాట్యం చేయడం) ఉందా. షిమ్ షామ్‌కి చాలా చోట్ల వేసేది జిమ్మీ లన్స్‌ఫోర్డ్ బాండ్ 1939లో చేసిన ‘టెయింట్ వాట్ యు డూ’. వేరే రూపం వేస్తే అడుగులు ఆగే చోట్లు కలవకపోవచ్చు. పుట్టినరోజుకి 150 దగ్గర, నాలుగు నిమిషాలది పెట్టుకో, అందరికీ వంతు రావాలి కదా.

బ్లూస్ గంట విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. నెమ్మదిగా దిగులుగా ఉన్న ప్రతి పాటా బ్లూస్ కాదు. ఇది నల్లజాతి అమెరికన్ల సంగీతం, ఆ అడుగులు ఆ సంగీతంలోంచే వచ్చాయి. దాని బదులు మత్తుగా ఉండే పాప్ పాటలు వేస్తే డాన్సులో ప్రాణం పోతుంది. బెస్సీ స్మిత్, మెంఫిస్ మిన్నీ, బిగ్ బిల్ బ్రూంజీ, మడ్డీ వాటర్స్, జిమ్మీ రీడ్, డైనా వాషింగ్టన్, వీళ్ళనుంచి మొదలుపెట్టు. అందరూ వేరు వేరు. బెస్సీ వెనక కార్నెట్, పియానో ఉంటాయి, మడ్డీ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్, హార్మోనికా మొరటుగా దూసుకొస్తాయి, డైనా దగ్గర నున్నటి ఆర్కెస్ట్రా. 65లో నెమ్మదిగా ఈడ్చే డ్రాగ్ వేశాక 105లో ఊగుతూ సాగే షఫుల్ ఇస్తే దగ్గరగా చేసేవాళ్ళూ, విడివిడిగా ఆడేవాళ్ళూ ఇద్దరూ తృప్తిపడతారు. 65, 70లవే వరసగా నాలుగు వేస్తే అందరూ నిద్రలోకి జారుకుంటారు. పన్నెండు బార్ల బ్లూస్ (బార్‌కి నాలుగు బీట్లు) 80లో ఒక చుట్టు 36 సెకన్లు. ఏడు నిమిషాల గిటార్ సోలోని మధ్యలో తగ్గించాలంటే చుట్టు పూర్తయ్యే చోట ఫేడ్ చెయ్, పద్యం మధ్యలో కాదు. స్వింగ్‌లోంచి ఒక్కసారిగా దూకకు. లూయీ జోర్డన్ పాడినలాంటి జంప్ బ్లూస్ (స్వింగ్ ఊపున్న బ్లూస్) 130లో ఒకటి, తరవాత 110, ఆ తరవాత 95, అలా దించితే కాళ్ళే దారి తెలుసుకుంటాయి.

ఫ్లోర్ ఖాళీ అయితే గాభరాపడకు, పాట మధ్యలో అసలు ఆపకు. అంచున నిలబడ్డవాళ్ళ పాదాలు చూడు. ఊగుతుంటే వాళ్ళకి పాట నచ్చింది, వేగమే ఎక్కువైంది. కదలకపోతే పాటే తప్పు. ఎవరైనా వచ్చి ఫలానాది వెయ్యమంటే సరే చూస్తాను అను, మాట ఇవ్వకు, వరసలో ఇమిడితేనే వెయ్. ఆఖరి పాటని మైకులో చెప్పి మరీ వెయ్, అందరూ తమకిష్టమైనవాళ్ళని వెతుక్కోవాలి.

శుక్రవారంలోపు నీ అరవై పాటల జాబితా, బీపీఎం, సంవత్సరంతో సహా పంపు. 60, 90, 180 చుట్టూ ఉన్న అంకెలు మాత్రం పంపేముందు నీ కాలితో ఇంకోసారి సరిచూడు.

నీ
భాస్కర్