మనిషితో మాట్లాడే బటన్ ముందు చెప్పండి

సంపాదకులకు,

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మనిషి దొరకడం లేదని మీ పత్రికలో తరచూ లేఖలు చూస్తున్నాను. అందరూ తిడుతున్నది మెషీన్‌నే. ఆఫీసులకు, కంపెనీలకు ఫోన్ సిస్టమ్‌లు అమర్చడం నా వృత్తి. కాబట్టి మెషీన్ తరఫున ఒక మాట చెప్పనివ్వండి. అది పాపం చెప్పినట్టు చేస్తుంది. తిరకాసంతా చెప్పేవాళ్ల దగ్గరే ఉంది.

మెనూ ఎలా తయారవుతుందో చాలామందికి తెలియదు. మీటింగ్‌లో నలుగురైదుగురు కూర్చుంటారు. కొత్త ఆఫర్లు ఒకటో నంబరు మీద ఉండాలంటాడు సేల్స్ మేనేజరు. బిల్లు చెల్లింపు రెండు కావాలంటారు అకౌంట్స్ వాళ్లు. మరి మనిషితో మాట్లాడే బటన్ ఎక్కడ పెడదామని నేను అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి అది తొమ్మిదో నంబరుకు పోతుంది, లేదంటే మెనూ లోపలి మెనూలోకి. అసలు జనం ఏ పని మీద ఫోన్ చేస్తున్నారన్న ప్రశ్న అక్కడ వినిపించడం అరుదు. ఆ జవాబు సిస్టమ్‌లోనే ఉంటుంది. ఏ బటన్ ఎంతమంది నొక్కారు, ఎక్కడ విసుగొచ్చి పెట్టేశారు, అన్నీ రికార్డవుతాయి. నెలకోసారి ఆ రిపోర్టు చూసి, ఎక్కువమంది అడిగేదాన్ని పైకి తెస్తే సగం గొడవ వదులుతుంది.

నాకు ఒళ్లు మండేది ఖాతా నంబరు విషయంలో. మెషీన్ అడుగుతుంది, మనం కళ్లజోడు వెతుక్కుని అంకెలన్నీ నొక్కుతాం. తర్వాత లైన్లోకి వచ్చిన అమ్మాయి మొదటి మాటగా, "సార్, మీ ఖాతా నంబరు చెప్పండి" అంటుంది. ఆమె వేరే విభాగానికి కలిపితే అక్కడా అదే పాట. నొక్కిన అంకెలు ఆమె కంప్యూటర్‌కు చేరాలంటే ఫోన్ సిస్టమ్‌ను కస్టమర్ల రికార్డులతో కలపాలి. కొత్త విద్యేమీ కాదిది. బటన్ల శబ్దంతో అంకెలు పంపే పద్ధతి 1963లోనే అమెరికాలో వాడకంలోకి వచ్చింది. ఫోన్ మోగుతుండగానే కస్టమర్ పేరు, పాత ఫిర్యాదు తెరమీద కనిపించే ఏర్పాటు కూడా ఎప్పటినుంచో ఉంది. అది పెట్టించనివాళ్లు కనీసం నంబరు అడగడమైనా మానెయ్యాలి కదా!

ఇక ఎదురుచూపులు. "ప్రస్తుతం ఊహించనంతగా కాల్స్ వస్తున్నాయి" అన్న రికార్డు కొన్నిచోట్ల ఏడాది పొడవునా మోగుతూనే ఉంటుంది. రోజూ వచ్చేదాన్ని ఊహించకపోవడం ఏమిటో నాకు అర్థం కాదు. ఎన్ని కాల్స్‌కు ఎంతమంది ఉండాలో వందేళ్ల కిందటే లెక్క తేలింది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1917లో ప్రచురించిన సూత్రాలను కాల్ సెంటర్లు ఇప్పటికీ వాడుతున్నాయి. గంటకు 100 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకోండి. అంటే 300 నిమిషాల మాట, సరిగ్గా ఐదుగురికి ఊపిరి సలపని పని. కానీ కాల్స్ ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా రావు, గుంపుగా వచ్చి పడతాయి. అందుకే ఐదుగురినే పెడితే క్యూ పెరుగుతూ పోతుంది. ఆరుగురుంటే సగటున దాదాపు 105 సెకన్లు ఆగాలి. ఏడో మనిషి వస్తే అది 30 సెకన్లలోపుకు, ఎనిమిదో మనిషి వస్తే 10 సెకన్లకు దిగుతుంది. ఒక్క మనిషితో ఇంత తేడా వస్తుందంటే మేనేజర్లు ముందు నమ్మరు. లెక్క వేసి చూపించాక బడ్జెట్ లేదంటారు.

ఆ మనిషిని పెట్టలేకపోతే తిరిగి ఫోన్ చేసే సదుపాయమైనా పెట్టొచ్చు. ఒక బటన్ నొక్కి ఫోన్ పెట్టేస్తే క్యూలో మన స్థానం అలాగే ఉంటుంది, వంతు రాగానే సిస్టమే ఫోన్ చేస్తుంది. అయితే అది అందరికీ తెలిసిన నంబరు నుంచే రావాలి. ఓటీపీ మాత్రం ఎవరూ అడగకూడదు. మోసగాళ్ల భయంతో తెలియని నంబరు ఎత్తని రోజులివి.

ఫోన్ ఎత్తిన పిల్లలమీద అరిచి లాభం లేదు. చాలాచోట్ల వాళ్ల ముందు గడియారం పరుగెడుతుంటుంది. మాట్లాడే సమయం సగటు దాటితే సూపర్‌వైజర్ వస్తాడు. ఆ టెన్షన్‌లో సమస్య తీర్చడం కంటే ఇంకొకరికి కలిపేసి వదిలించుకోవడమే తెలివైన పనవుతుంది. నన్నడిగితే ఆ గడియారం తీసేసి, అదే మనిషి అదే సమస్యతో మళ్లీ ఫోన్ చేశాడా లేదా అన్నది లెక్కపెట్టాలి.

చిన్న వ్యాపారాలవాళ్లు కూడా ఈమధ్య హోదా కోసం మెనూ పెట్టమంటున్నారు. ఇంటర్నెట్ ఫోన్లు వచ్చాక ఖర్చు తగ్గింది, నిజమే. కానీ ముగ్గురు పనిచేసే చోట మెనూ ఎందుకండీ? ముగ్గురి ఫోన్లూ ఒకేసారి మోగేలా పెడితే ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎత్తలేకపోయిన నంబర్ల జాబితా సాయంత్రం తీసి తిరిగి ఫోన్ చేస్తే సరిపోతుంది.

కరెంటు, నీళ్లు, బ్యాంకులు, ఆస్పత్రులు లాంటి తప్పనిసరి సేవల విషయంలో మాత్రం దీన్ని వాళ్ల ఇష్టానికి వదలకూడదు. మనిషితో మాట్లాడే బటన్ ఏదో మొదటి మెనూలోనే చెప్పాలని నిబంధన పెట్టాలి. బిల్లు మీద కస్టమర్ కేర్ నంబరు పక్కనే, కిందటి నెలలో సగటున ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో, ఎంతమంది విసిగి మధ్యలో పెట్టేశారో అచ్చు వెయ్యాలి. దీనికి కొత్త ఖర్చేమీ లేదు. ఆ అంకెలు వాళ్ల సిస్టమ్‌లో ఈ నిమిషాన కూడా ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు