ఫ్లోరైడ్ లెక్కలో వంట నీళ్లనూ చేర్చండి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ మాటెత్తితే అందరూ తాగే నీళ్ల గురించే మాట్లాడుతారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, క్యాన్ల ప్లాంట్లు వెలిశాయి. దాంతో పీడ విరగడైందనే అనుకుంటున్నాం. కానీ చాలా వంటిళ్లలో తాగడానికి మాత్రమే ఇరవై లీటర్ల క్యాన్. ఎసరుకు, పప్పుకు, చాయ్‌కి ఇంకా బోరు నీళ్లే. ప్రమాదం అక్కడే మిగిలి ఉంది.

నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్లు, గిన్నెలో మిగిలేది ఫ్లోరైడ్. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు అనుకుందాం. ఐదుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నర బియ్యం అత్తెసరు పెడితే సుమారు మూడు లీటర్ల నీళ్లు పడతాయి. పప్పు, చారు, చాయ్ కలిపి ఇంకో రెండు లీటర్లు. మొత్తం 15 మిల్లీగ్రాములు, అంటే మనిషికి మూడు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. ఆ 1 మిల్లీగ్రాము నీళ్లు మూడు లీటర్లు తాగినంత ఫ్లోరైడ్, క్యాన్ నీళ్లు తాగే మనిషికి కూడా తిండిలోనే పోతోందన్నమాట. గంజి వార్చే ఇళ్లలో కొంత బయటికి పోతుంది. కుక్కర్ అన్నంలో, జొన్నరొట్టె పిండిలో పోసింది పోసినట్టే ఉంటుంది.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. "మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి" అన్న ధీమా పనికిరాదు. సున్నం తక్కువగా ఉండి పప్పు త్వరగా ఉడికే నీళ్లలోనే తరచూ ఫ్లోరైడ్ ఎక్కువ. ప్లాంటు వాళ్లు చూపించే టీడీఎస్ మీటరు కూడా నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది తప్ప ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించడమే దారి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో, బోరు కొంతసేపు నడిచాక పట్టిన నీళ్లు ఇవ్వాలి. గాజు సీసా వద్దు. వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించాలి, ఎందుకంటే ఒకే బోరులో అంకె మారుతుంది.

క్యాన్ నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు వదిలేసే వేస్టు నీళ్లను పశువుల తొట్టికి మళ్లించడం మరో తప్పు. అందులో ఫ్లోరైడ్ అసలు నీళ్లకన్నా చిక్కగా ఉంటుంది, పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బు పశువులకూ వస్తుంది.

నల్లాల్లో మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లు ఉండి కూడా వంటకు వాడకపోవడానికి జనం చెప్పే కారణం క్లోరిన్ వాసన. వెడల్పాటి గిన్నెలో పట్టి, పల్చటి గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచితే అది తగ్గిపోతుంది. అసలు చిక్కు ట్యాంకీలో ఉంది. ఇంటిమీది ఒకే ట్యాంకీలోకి నల్లా నీళ్లూ బోరు నీళ్లూ పంపుతున్నారు. వంటింటికి నల్లా పైపు నుంచి నేరుగా విడి కనెక్షన్ పెట్టించుకోవాలి. ఖర్చు కొద్దిపాటి పైపు, ఒక నల్లా.

సరఫరా తగ్గిన రోజుల్లో ఊరి ట్యాంకులో పంచాయతీ బోరు నీళ్లు కలిపితే ఇంట్లో ఎంత జాగ్రత్తపడ్డా లాభం లేదు. కలపక తప్పకపోతే ఆ రోజు చాటింపు వేయించాలి. ఒక్కో బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో పంచాయతీ గోడమీద తేదీతో సహా రాయించాలి. ఇది అడిగే హక్కు ప్రతి గ్రామసభకు ఉంది. ఎన్నికలప్పుడు ఫ్లోరైడ్‌పై ప్రసంగాలు చేసే నాయకులు ఈ చిన్న పని మీద ఎందుకు పట్టుబట్టరో అర్థం కాదు.

అన్నిటికన్నా ముందు అంగన్‌వాడీలు, బడుల మధ్యాహ్న భోజనం. ఎనిమిదేళ్ల లోపే శాశ్వత దంతాల పింగాణీ చాలావరకు తయారవుతుంది, అప్పుడు పడ్డ మచ్చ తర్వాత మంచినీళ్లు తాగినా పోదు. వంట ఏ నీళ్లతో చేస్తున్నారో ప్రతి బడిలో తనిఖీ చేసి, బోరు నీళ్లయితే వెంటనే మాన్పించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మునుగోడు, నల్లగొండ జిల్లా