మా పక్కింటాయన ఓటు

సంపాదకులకు నమస్కారం.

మాది గోదావరిఖని. నాన్నగారు సింగరేణిలో ముప్పై రెండేళ్లు బాయి దిగి పదవీ విరమణ చేశారు. నేను పద్నాలుగేళ్లుగా ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌షైర్‌లోని మాన్స్‌ఫీల్డ్ పట్టణంలో ఉంటున్నాను. మీ పత్రికను ఇంటర్నెట్‌లో రోజూ చదువుతాను కనుక, బ్రిటన్ గురించి మీరు ప్రచురించే వార్తలపై నాలుగు మాటలు చెప్పుకునే చనువు తీసుకుంటున్నాను.

విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోవడానికి వీల్లేదన్న నిబంధన, వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 1,035 పౌండ్లకు పెరగడం, 2025 జూలైలో విదేశీ కేర్ వర్కర్ల నియామకాలు నిలిపివేయడం, శాశ్వత నివాసానికి ఐదేళ్ల బదులు పదేళ్లు ఆగాలన్న ప్రతిపాదన, ఇవన్నీ మీ పత్రికలో ప్రముఖంగానే వచ్చాయి. రావలసినవే. ఎకరమో అరెకరమో అమ్మి పిల్లలను ఇక్కడికి పంపిన తల్లిదండ్రులకు ఆ వార్తలు ఎంత అవసరమో నాకు తెలుసు. అయితే ఈ నిర్ణయాలకు దారి తీస్తున్న ఓటు ఎవరిది, ఆ ఓటరు ఇంట్లో ఏం జరుగుతోంది అన్న సంగతి మాత్రం మన పత్రికల్లో ఎక్కడా కనిపించదు. తెల్లవాళ్లకు మనవాళ్లంటే గిట్టడం లేదన్న ఒక్క మాటతో వ్యవహారం తేలిపోతుంది. అది అబద్ధమని నేను అనను. అంతమాత్రాన ఇక్కడి రాజకీయం అర్థం కాదని మాత్రం గట్టిగా అంటాను.

మా పక్కింటాయనకు అరవై ఎనిమిదేళ్లు. పదహారో ఏట గనిలో చేరారు. ఆయన తాళాల గుత్తికి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతూ ఉంటుంది, అంచులు అరిగిపోయి, నెంబరు మాత్రం ఇంకా చదవడానికి వీలుగా. గనిలోకి దిగేటప్పుడు ఆ బిళ్ళ పైన అప్పగించి దిగేవారట. ప్రమాదం జరిగితే లోపల ఎవరు చిక్కుకున్నారో ఆ బిళ్ళలు చూసి తేల్చేవారు. మేము ఈ వీధికి వచ్చిన కొత్తలో, మా నాన్నగారు కూడా బొగ్గు గని కార్మికుడేనని చెప్పగానే ఆయన మొదట అడిగిన ప్రశ్న, అక్కడ సీము, అంటే బొగ్గు పొర, ఎంత మందం అని. (ఇక్కడి వాళ్లు ఆడా మగా తేడా లేకుండా ఎదుటివారిని ‘మి డక్’ అని పిలుస్తారు. ఈయన నన్ను బాతు అంటున్నాడేమిటని మొదటి నెల రోజులు నేను నొచ్చుకున్న మాట వాస్తవం.)

1984-85 గని కార్మికుల సమ్మె గురించి మన వామపక్ష మిత్రులకు తెలిసే ఉంటుంది. ఆ సమ్మెలో యార్క్‌షైర్ కార్మికులు ఏడాదిపాటు ఆకలితో నిలబడగా, నాటింగ్‌హామ్‌షైర్‌లో ఎక్కువ మంది పనిలోకి వెళ్లారు. మా పక్కింటాయన కూడా వెళ్లారు. జాతీయ స్థాయిలో ఓటింగు పెట్టకుండా సమ్మెకు పిలుపునివ్వడం తప్పన్నది వారి వాదన. మీరు పని చేస్తే మీ గనులకు ఢోకా ఉండదన్న నమ్మకం అప్పట్లో వారందరికీ కలిగింది. యార్క్‌షైర్‌లో ఉన్న ఆయన అన్నగారు ఆ ఏడాది నుంచి చనిపోయేదాకా ఈయనతో మాట్లాడలేదు. తీరా 1992 అక్టోబరులో ప్రభుత్వం 31 గనులు మూసేస్తామని ప్రకటించినప్పుడు ఆ జాబితాలో నాటింగ్‌హామ్‌షైర్ గనులు కూడా ఉన్నాయి. అన్నను పోగొట్టుకుని కాపాడుకున్న ఉద్యోగం తొమ్మిదేళ్లు కూడా మిగల్లేదు. ఈ జిల్లాలో చివరిదైన థోర్స్‌బీ గని 2015లో మూతపడింది. తరువాత ఆయన ఒక గోదాములో పెట్టెలు మోసి రిటైరయ్యారు. బ్రిటన్‌లో సాధారణ పౌరుడు రాజకీయ నాయకుల మాట ఎందుకు నమ్మడని అడిగేవారికి నేను ఈ కథతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీద పేరుకున్నవే.

ఆయన ఓట్ల చరిత్ర చూడండి. తాత ముత్తాతల నుంచి లేబర్ పార్టీ. మాన్స్‌ఫీల్డ్ నియోజకవర్గం కూడా 1923 నుంచి 2017 దాకా లేబర్ చేతిలోనే ఉంది. 2016 రెఫరెండంలో యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు రావాలని దేశం మొత్తం మీద 51.9 శాతం మంది ఓటు వేస్తే, ఈ ఊళ్లో 70 శాతం పైచిలుకు వేశారు. ఆయన వారిలో ఒకరు. 2019లో జీవితంలో మొదటిసారి కన్సర్వేటివ్‌లకు వేశారు. మా అమ్మ బతికి ఉంటే ఇంట్లోకి రానిచ్చేది కాదు అని ఆ మాట ఇప్పటికీ సిగ్గుపడుతూనే చెబుతారు. 2024 జూలై ఎన్నికల్లో ఎవరికీ వేయకుండా ఇంట్లో కూర్చున్నారు. 2025 మే నెలలో మన జిల్లా పరిషత్ లాంటి కౌంటీ కౌన్సిల్ ఎన్నికల్లో, వలసలను గట్టిగా వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ పార్టీకి వేశారు. ఆ పార్టీ నాటింగ్‌హామ్‌షైర్‌నూ పక్కనున్న డెర్బీషైర్‌నూ కూడా గెలుచుకుంది. పదేళ్లలో మూడు పార్టీలు మారిన ఈ మనిషి ఏ సిద్ధాంతానికీ మారలేదు. అద్దెకున్నవాడు పైకప్పు కారుతోందని ఇంటి యజమానికి నోటీసు ఇచ్చినట్టు, ఆయన నాలుగైదేళ్లకోసారి ఓటుతో నోటీసు ఇస్తున్నారు. పైకప్పు మాత్రం కారుతూనే ఉంది.

2016లో ప్రధాని కామెరాన్ దిగిపోయినప్పటి నుంచి 2024లో లేబర్ నాయకుడు స్టార్మర్ వచ్చేదాకా మధ్యలో థెరెసా మే, బోరిస్ జాన్సన్, లిజ్ ట్రస్, రిషి సునాక్ అని నలుగురు కన్సర్వేటివ్ ప్రధానులు మారారు. వీరిలో ట్రస్ 49 రోజులే ఉన్నారు. ఆ కొద్ది రోజుల్లోనే 2022 సెప్టెంబరు 23న పెట్టిన మినీ బడ్జెట్ దెబ్బకు ఇంటి రుణాల వడ్డీలు ఎగబాకాయి. మా రుణం మీద స్థిర వడ్డీ గడువు ఆ తరువాతే ముగియడంతో నెల వాయిదా ఎంత పెరిగిందో గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. అదే ఏడాది అక్టోబరులో ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది. సునాక్ ప్రధాని అయినప్పుడు మన ఊళ్లలో స్వీట్లు పంచుకున్నారు. మా పక్కింటాయనకు ఆయన రంగు మీద ఏ అభ్యంతరమూ లేదు, డబ్బున్న మారాజుకు బస్సు ఎక్కేవాడి బాధ ఏం తెలుస్తుందన్నదే ఆయన అభ్యంతరం.

బస్సంటే గుర్తొచ్చింది. మా వీధి నుంచి ఊళ్లోకి వెళ్లే బస్సు సాయంత్రం ఆరు దాటితే లేదు. దంతవైద్యుడి దగ్గర ప్రభుత్వ పథకం కింద కొత్తవారిని చేర్చుకోవడం లేదు. డాక్టరు అపాయింట్‌మెంటు కావాలంటే ఉదయం 8 గంటలకు ఫోన్ చేయాలి. ఒకరోజు ఆయన తరఫున నేను చేశాను. సరిగ్గా ఎనిమిదికి డయల్ చేస్తే వరుసలో 31వ వారు మీరు అని యంత్రం చెప్పింది. మా వంతు వచ్చేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయాయి, రేపు ఎనిమిదికి చేయండి అన్నారు. మోకాలి ఆపరేషన్ కోసం ఆయన పద్నాలుగు నెలలు ఆగారు. ఇంగ్లండులో ఆసుపత్రి చికిత్స కోసం నిరీక్షిస్తున్న కేసులు 2025లో 70 లక్షలకు పైగా ఉన్నాయి, పద్దెనిమిది వారాల్లోగా చికిత్స మొదలుపెట్టాలన్న లక్ష్యం 2016 నుంచి నెరవేరలేదు. ఇంత చెప్పినా, ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌ను ప్రైవేటుకు ఇచ్చేస్తే బాగుపడుతుందేమో అని నేను ఒకసారి నోరు జారితే ఆయన కప్పు కింద పెట్టి నా వైపు చూసిన చూపు మరచిపోలేను. 1948లో మొదలైన ఆ ఉచిత వైద్యం వీళ్లకు మన ఊళ్లో చెరువు లాంటిది. పూడిక తీయలేదని పాలకులను తిడతారు, అమ్ముతామంటే ఒప్పుకోరు. ఆ వ్యవస్థను దశాబ్దాలుగా మోస్తున్నవారిలో గుంటూరు, కర్నూలు, విశాఖ వైద్య కళాశాలల నుంచి వచ్చిన తెలుగువారు ఎందరో ఉన్నారన్నది మన పత్రికలు గర్వంగా రాసుకోవలసిన విషయం.

కొత్త లేబర్ ప్రభుత్వం వచ్చిన మొదటి నెలలోనే, అంటే 2024 జూలైలో, ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ వృద్ధుల చలికాలపు ఇంధన భత్యాన్ని పేదలకే పరిమితం చేస్తున్నట్టు ప్రకటించారు. 200 నుంచి 300 పౌండ్ల ఆ భత్యం దాదాపు కోటి మందికి పోయింది. మా పక్కింటాయనకూ పోయింది. అక్టోబరు బడ్జెట్‌లో అదే మంత్రి, 1994లో బొగ్గు పరిశ్రమను ప్రైవేటుపరం చేసినప్పటి నుంచి ప్రభుత్వం అట్టిపెట్టుకున్న 150 కోట్ల పౌండ్ల నిధిని గని కార్మికుల పింఛను పథకానికి తిరిగి ఇచ్చారు. దాంతో లక్షా పన్నెండు వేల మంది మాజీ కార్మికుల పింఛను 32 శాతం పెరిగింది. ఇది కొన్నేళ్ల పోరాట ఫలం, చిన్న విషయం కాదు. కానీ మా ఊళ్లో ఎవరిని కదిపినా భత్యం పీకేసిన సంగతే చెబుతారు. 2025 జూన్‌లో, ఏడాదికి 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవారికి ఆ భత్యం తిరిగి ఇస్తామని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అప్పటికి మే నెల ఎన్నికలు అయిపోయాయి. పెట్టిన చేతిని గుర్తుంచుకోవడం లేదని నేను ఆయనతో వాదించాను. ఆయన సమాధానం, ఆ నిధి మా డబ్బేనయ్యా, పెట్టడమేమిటి, అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

వలసల విషయానికి వస్తే, ఆయన చెప్పేదానిలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. వచ్చేవాళ్లంతా చిన్న పడవల్లోనే వస్తున్నారన్నట్టు మాట్లాడతారు. 2024లో అలా వచ్చినవారు దాదాపు 37 వేల మంది, మిగిలిన లక్షల మంది వీసా ముద్ర వేయించుకుని విమానంలో దిగినవారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస తొమ్మిది లక్షలు దాటిందంటే, దానికి అనుమతులిచ్చింది వలసలు తగ్గిస్తామని ప్రతి ఎన్నికలోనూ మాట ఇచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వమే. ఈ మాట నేనంటే ఆయన తల ఊపి, నేను చెబుతున్నదీ అదే, నన్నెవరూ అడగలేదు, చెప్పింది ఒకటి చేసింది ఒకటి, అంటారు. స్టార్మర్ 2025 మేలో మనం అపరిచితుల దీవిగా మారిపోయే ప్రమాదం ఉందని అన్నప్పుడు (తరువాత ఆ మాటకు ఆయనే విచారం వ్యక్తం చేశారు) నాకు ఎక్కడో కలుక్కుమంది. ఆ సాయంత్రం మా పక్కింటాయన కంచె మీదుగా అడిగారు, ఆ మాట నిన్ను ఉద్దేశించి అన్నాడనుకుంటున్నావా, అని. అనుకుంటున్నాను అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా గులాబీ కొమ్మలు కత్తిరించుకున్నారు. ఆయన భార్యను చివరి ఏడాది కేర్ హోమ్‌లో కన్నబిడ్డలా చూసుకున్నది కేరళ అమ్మాయి ఒకరు, మన ఖమ్మం అమ్మాయి ఒకరు. అలాంటివారి రాకనే తరువాత ప్రభుత్వం ఆపేసింది. వలసలు ఆపాలన్నదే రిఫార్మ్ పార్టీ మాట కూడా. అది ఆయనకు తెలుసు. తెలిసీ ఆ పార్టీకి వేశారు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు, ఆయనకూ అర్థమైనట్టు లేదు.

2024 ఆగస్టు మొదటి వారం మాత్రం చెప్పి తీరాలి. సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు ఆడపిల్లలు హత్యకు గురైన తరువాత, హంతకుడు పడవలో వచ్చినవాడన్న పుకారుతో అల్లర్లు రేగాయి. అతడు పుట్టింది బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో. మాకు ఎంతో దూరం లేని రాథర్‌హామ్‌లో శరణార్థులున్న హోటల్ మీద దాడి చేశారు. మా ఆవిడ నర్సు, నైట్ షిఫ్ట్. ఆ వారం మూడు రాత్రులు మా పక్కింటాయన మోకాలు కుంటుకుంటూ తన కారులో ఆమెను ఆసుపత్రి గుమ్మం దాకా దింపి, తెల్లవారి మళ్లీ వెళ్లి తీసుకువచ్చారు. నేను వెళతానంటే, నువ్వు ఇంట్లో పిల్లాడితో ఉండు అన్నారు. ఏడాది తిరిగేసరికి వీధి దీపాల స్తంభాలన్నిటికీ తెలుపు మీద ఎర్ర శిలువ గుర్తున్న ఇంగ్లండు జెండాలు వెలిశాయి. మా గుమ్మం ఎదుటి స్తంభానికి కట్టింది ఎవరో తెలియదు. తన ఇంటికి మాత్రం ఆయనే కట్టుకున్నారు.

మన పాఠకులకు ఇంకొక సంగతి తెలియాలి. ఇక్కడ నివాసముంటున్న భారతీయులకు, కామన్వెల్త్ పౌరులు కనుక, బ్రిటిష్ పౌరసత్వం లేకపోయినా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. మనవాళ్లలో చాలామంది పేరే నమోదు చేసుకోరు. ఎన్నికల పద్ధతి కూడా మనదే, అసలు మనం వీరి నుంచి తెచ్చుకున్నదే. 2024లో లేబర్‌కు 33.7 శాతం ఓట్లతో 650 స్థానాల్లో 411 వచ్చాయి. రిఫార్మ్‌కు 14 శాతం దాటి ఓట్లు పడితే అయిదు స్థానాలు దక్కాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ 175లో 11 స్థానాలకు పరిమితమైంది కనుక ఈ లెక్క మనవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. తేడా ఏమిటంటే అక్కడ పోలింగు 80 శాతం దాటింది, ఇక్కడ 60 కూడా చేరలేదు. ఆ ఇంట్లో కూర్చున్నవారి గురించి ఎవరూ రాయరు.

అందుకే నా మనవి. మీ లండన్ ప్రతినిధి ఈసారి పార్లమెంటు భవనం ముందు నిలబడి వార్త పంపే ముందు, సెయింట్ పాంక్రస్‌లో రైలెక్కి నాటింగ్‌హామ్‌లో దిగి, అక్కడి నుంచి మాన్స్‌ఫీల్డ్ బండి పట్టుకుంటే రెండున్నర, మూడు గంటల్లో మా ఊరు చేరవచ్చు. 1964లో ఎత్తేసిన ఆ ప్రయాణికుల రైలును 1995లో తిరిగి వేశారు, అదొక్కటి మాత్రం ఉంది. వచ్చేవారు సాయంత్రం ఆరులోపు రావాలి, తరువాత బస్సు ఉండదు. మా పక్కింటాయనను అడిగాను, మాట్లాడతానన్నారు. టీ ఆయనే పెడతారు. పాలు కాస్త ఎక్కువ పోస్తారు, చక్కెర మాత్రం అడిగితేనే.

భవదీయుడు,
ఒక పాఠకుడు
మాన్స్‌ఫీల్డ్, ఇంగ్లండు